అడ్డపొగ (నిప్పు కొస నోటి లోపల పెట్టి) తాగే మామ్మల చేత చుట్ట మాన్పించిన వాళ్ళు ఉన్నారా? ఈసారి మే 31కి ర్యాలీ తప్ప ఇంకేం చెయ్యొచ్చు?

తీరపల్లె_నర్సు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం, సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌ఓగా (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) చేస్తున్నాను, మూడేళ్ళు దాటింది. ఏటా మే నెల వచ్చేసరికి మెసేజ్ వస్తుంది, 31న పొగాకు వ్యతిరేక దినం చెయ్యండి, ఫ్లెక్సీ కట్టండి, ర్యాలీ తియ్యండి, ఫోటోలు గ్రూపులో పెట్టండి అని. అప్పటికి బడులకి సెలవులు, పిల్లలు ఉండరు, కాబట్టి నేను, ఏఎన్‌ఎమ్ అక్క, ఆశాలు, అంగన్‌వాడీ టీచరు కలిసి రామాలయం నుంచి రేవు దాకా నడుస్తాం.

పోయినేడు జరిగింది చెప్తాను. ఫ్లెక్సీ మీద సిగరెట్ బొమ్మ, దాని మీద ఎర్ర గీత, పక్కన నల్లబడిన ఊపిరితిత్తులు. రేవు దగ్గర ఒక మామ్మ చేపలు ఎండబెడుతోంది. నోట్లో చుట్ట ఉంది, నిప్పు ఉన్న కొస లోపలికి పెట్టుకుని పెదాలు మూసేసింది, బయటికి చిన్న ముక్క మాత్రమే కనబడుతోంది. మమ్మల్ని చూసి నవ్వి, చుట్ట తీసి చేత్తో పట్టుకుని, "మంచి పని సేత్తన్నారమ్మా, మా ఈది కుర్రోళ్ళు సిగరెట్లు కాల్సి సెడిపోతన్నారు, ఆళ్ళకి సెప్పండి" అని మళ్ళీ నోట్లో పెట్టేసుకుంది. వెటకారం కాదండీ, నిజంగా మెచ్చుకునే అంది. ఆ బొమ్మ తన గురించి కూడా అని ఆవిడకి తోచనే లేదు. ఆ రోజంతా నాకు అదే ఆలోచన.

30 దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోరు కూడా చూడాలి మేము. టార్చి వేసి చూస్తే ఈ మామ్మల అంగిలి తెల్లగా, మందంగా అట్ట కట్టినట్టు ఉంటుంది, మధ్యమధ్య ఎర్ర చుక్కలు. కొంతమందికి మచ్చ మచ్చగా రంగు పోయి ఉంటుంది. ఒకావిడకి చిన్న పుండు ఉంది, నెల పైనే అయింది, నొప్పి లేదు కదా అంటుంది, రిఫరల్ రాసిచ్చినా వెళ్ళలేదు. చుట్ట మానమంటే ఒకటే మాట, "మా అమ్మ తాగింది, మా అత్త తాగింది, ఆళ్ళకేటయ్యింది?"

నాకు ఫోటోలు అక్కర్లేదు, ఎలాగూ తీసి పంపుతాం. నిజంగా ఒక్క ఐదుగురైనా మానాలంటే ఏం చెయ్యాలి? మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో ఎవరైనా అడ్డపొగ మానేశారా? ఎలా మానారు? కాస్త వివరంగా రాయండి, చిన్న విషయమైనా పర్వాలేదు.

బందరువానిపేట_అబ్బాయి:

చెల్లీ, మా అమ్మ మానేసింది. నలభై ఏళ్ళకి పైగా తాగి మానేసింది, అందుకే రాస్తున్నా, పెద్దగా అయిపోతే ఏమనుకోకండి.

ముందు వాళ్ళు నిప్పు లోపలికి ఎందుకు పెట్టుకుంటారో తెలుసుకోవాలి, బయటి నుంచి వచ్చిన డాక్టర్లకి ఇదొక మూర్ఖత్వంలా కనిపిస్తుంది గానీ కాదు. సముద్రం గాలికి చుట్ట నిలవదు, ఆరిపోతుంది, లేదా గాలికి రయ్యిమని మొత్తం కాలిపోతుంది. నెత్తి మీద చేపల గంప, చంకలో పసిగుంట, రెండు చేతులూ ఖాళీ ఉండవు. నిప్పు బయట ఉంటే నుసి చీర మీద పడుతుంది, పిల్ల మీద పడుతుంది. లోపల పెట్టుకుంటే తడికి మెల్లగా కాలుతుంది, ఒక్క చుట్ట మధ్యమధ్యలో ఆపుకుంటూ చాలాసేపు వస్తుంది. మా అమ్మ చెప్పిన లెక్క ఇది. ఇంకోటి, ఆడది పదిమందిలో పొగ వదుల్తూ కనబడకూడదు కదా, లోపల పెట్టుకుంటే పెద్దగా కనబడదు.

మొదలయ్యేది ఎలాగంటే, మా తాతకి చుట్ట ముట్టించి తెమ్మని పొయ్యి దగ్గరికి మా అమ్మని పంపేవారట, పదేళ్ళ పిల్ల, ముట్టించాలంటే రెండు దమ్ములు లాగాలి కదా. అంతే. ఎవరూ నేర్పలేదు, అలా వచ్చేసింది. పెళ్ళయ్యాక పంటినొప్పి వస్తే అత్తగారు చుట్ట పెట్టుకోమంది, నొప్పి తగ్గినట్టు అనిపించింది, ఇక విడిచిపెట్టలేదు.

ఇప్పుడు మానింది ఎలాగో చెప్తా. పోస్టర్లు చూసి కాదు, నేను అరిచినందుకు అసలు కాదు. నేను ఏడేళ్ళు అరిచాను, పొట్లం తీసి కాలవలో పడేశాను కూడా, నాకు తెలీకుండా పక్కింట్లో దాచుకుని తాగేది. "నా నోట్లో నాను ఎట్టుకుంటాను, నీకేటి నొప్పిరా?" అనేది. మా మేనకోడలు నర్సింగ్ చదువుతోంది, ఒకసారి సెలవులకి వచ్చి ఊరికే సరదాగా అన్నట్టు "అమ్మమ్మా నోరు తెరువు" అని ఫోన్‌లో ఫ్లాష్ వేసి అంగిలి ఫోటో తీసి చూపించింది. మా అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నా నోరేనా?" అని మూడుసార్లు అడిగింది. ఆలోచించండి, అరవై ఏళ్ళ మనిషి, తన అంగిలి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూసుకోలేదు. మనం మాత్రం ఎప్పుడు చూసుకుంటాం? తర్వాత మేనకోడలు తన నోరు తెరిచి ఫోటో తీసి పక్కన పెట్టింది, లేత గులాబీ రంగు. ఒక్క మాట కూడా అనలేదు అది. ఆ రాత్రి మా అమ్మ అన్నం సగమే తింది.

ఒక్క రోజులో మానలేదు. రోజుకి ఆరు నుంచి నాలుగు, నాలుగు నుంచి పొద్దున్న ఒక్కటి. ఆ పొద్దుటిది మానడమే గగనం అయింది, ఎందుకో మాకు చాలా రోజులు తెలీలేదు, సిగ్గుపడి చెప్పలేదు, చుట్ట లేకపోతే దొడ్డికి అవదట. చెల్లీ, ఇది తప్పకుండా అడగండి, మీరు ఆడపిల్ల కాబట్టి చెప్తారు, మాకు చెప్పరు. గోరువెచ్చని నీళ్ళు, జామకాయ, ఆకుకూర, ఇవన్నీ పెట్టాక రెండు మూడు వారాలకి సర్దుకుంది. మధ్యలో మా బాబాయి పోయినప్పుడు మళ్ళీ మొదలెట్టింది, పన్నెండు రోజులూ తాగింది, దినం అయ్యాక తనే ఆపేసింది. అప్పుడు మేము ఎవ్వరం తిట్టలేదు, అదే మంచిదయింది అనుకుంటాను. ఇప్పటికి నాలుగేళ్ళు.

పంటిడాక్టర్_సిక్కోలు:

పై సోదరుడు రాసినదాంట్లో ఫోటో సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం, నేను శ్రీకాకుళంలో ప్రాక్టీస్ చేస్తాను, నా అనుభవం కూడా అదే.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలనుంది. మన జిల్లా మామ్మల అంగిలి గురించి ప్రపంచంలో నోటి వైద్యం చదివే ప్రతివాడూ చదువుతాడు. విశాఖ డాక్టర్లు 1930ల్లోనే దీన్ని గుర్తించి రాశారు. తర్వాత 1960ల్లో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ దంత పరిశోధన విభాగం మన శ్రీకాకుళం జిల్లాకి వచ్చింది (అప్పటికి విజయనగరం జిల్లా లేదు, 1979లో కదా ఏర్పడింది). ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ లాంటి వాళ్ళు ఆ పనిలో ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్ళు చూశారు. అందులో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ రిపోర్టు 1971లో వచ్చింది. మామూలుగా పొగతాగేవాళ్ళకి అంగిలి క్యాన్సర్ తక్కువ, నాలుక పక్కన, బుగ్గలో, గొంతులో వస్తుంది. మన దగ్గర గట్టి అంగిలి మీదే రావడానికి కారణం నిప్పు దాని కిందే ఉండటం, వేడీ పొగా రెండూ నేరుగా తగలడం.

మీకు పనికొచ్చేది దాని తర్వాత జరిగింది. ఊరికే లెక్కలు రాసుకుని వెళ్ళిపోలేదు వాళ్ళు. పొగాకు వాడే 36,000 మందిని తీసుకున్నారు, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన శ్రీకాకుళం, ఒక్కోచోట సుమారు పన్నెండు వేల మంది. ఏడాదికోసారి ఇంటికెళ్ళి నోరు చూడటం, అప్పుడే ఎదురుగా కూర్చుని మానమని చెప్పడం, దాంతోపాటు సినిమాలు, పోస్టర్లు లాంటి ప్రచారం. 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఇలా చెప్పినచోట మానేసినవాళ్ళు ఎక్కువ, నోట్లో తెల్ల మచ్చలు కొత్తగా రావడం తక్కువ. అంటే చదువు లేని పల్లెటూరి జనం ఎంత చెప్పినా మారరు అనే మాట తప్పని మన ఊళ్ళలోనే రుజువైంది, నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా గర్వంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది. బాధ ఎందుకంటే ఇంత తెలిసి ఇన్నేళ్ళయినా మీ రేవులో ఆ మామ్మ నోట్లో చుట్ట ఇంకా ఉంది.

కాబట్టి మేడమ్, మీరు ఆ పుస్తకాల్లో లేనిదేమీ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. నోరు చూడటమే ప్రచారం. మీరు స్క్రీనింగ్ అని చేస్తున్నదే, చూసి ఊరుకోకుండా ఆవిడకి కూడా చూపించండి. ఫోటో తీసేముందు అడగండి, వేరే వాళ్ళకి చూపించనని చెప్పండి, గ్రూపుల్లో పెట్టకండి. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూపించండి. మానేసిన చాలామందికి ఆ తెల్లదనం తగ్గుతుంది, ఆ తగ్గడం కళ్ళతో చూస్తే మళ్ళీ ముట్టుకోబుద్ధి కాదు.

పుండు ఉన్నావిడ సంగతి మాత్రం ఆర్నెల్లు ఆగేది కాదు. రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే ముక్క తీసి పరీక్ష చేయించాలి. నొప్పి లేకపోవడం మంచి సూచన కాదు, మొదట్లో నొప్పి ఉండదు. విశాఖ కేజీహెచ్ గానీ, గాజువాక అవతల అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ గానీ. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కార్డు పట్టుకెళ్ళమనండి.

ఇంకో జాగ్రత్త. చుట్ట మానేసి ఖైనీకో, ఇచ్ఛాపురం సోంపేట వైపైతే పళ్ళకి రుద్దుకునే గుడాకుకో మారిపోతారు. పళ్ళు తోముకోవడానికే కదా అంటారు. అదీ పొగాకే. అలాగే తిరగేసి మామూలుగా తాగితే చాలు అని కూడా చెప్పకండి, అంగిలి బాగుపడినా గొంతు, ఊపిరితిత్తులు, గుండె ఉన్నాయి.

రణస్థలం_ఇంజినీరు:

నాది కాస్త వేరే మాట, తప్పుగా అనుకోవద్దు. డెబ్బై ఏళ్ళ మామ్మలు ఇంకెన్నాళ్ళుంటారు, వాళ్ళకి ఉన్న ఒక్క సుఖం అది, వాళ్ళని వదిలేసి కుర్రాళ్ళ మీద పెట్టండి ఆ శ్రమంతా అనిపిస్తుంది నాకు. నేను పైడిభీమవరం కంపెనీల వైపు పనిచేస్తాను, షిఫ్ట్ దిగగానే టీ కొట్టు దగ్గర ఇరవై ఏళ్ళ పిల్లలు వరసగా నిలబడి సిగరెట్లు. కాలేజీకి వంద గజాల లోపల అమ్మకూడదని 2003 పొగాకు చట్టంలోనే ఉంది, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదని ఉంది, బహిరంగ ప్రదేశంలో తాగితే రెండు వందల దాకా జరిమానా అని కూడా ఉంది. ఎవరు వేశారు జరిమానా? నేను ఒక్కసారి కూడా చూడలేదు. పెట్టె మీద 85 శాతం బొమ్మ ఉంటుంది 2016 నుంచి, కానీ మనవాళ్ళు కొనేది పెట్టె కాదు కదా, ఒక్కొక్కటి విడిగా కొంటారు, బొమ్మ కొట్టువాడు చూస్తాడు అంతే.

ప్రచారం వల్ల అసలేమీ కాలేదని అనను. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో పొగతాగేవాళ్ళు 2009-10 సర్వేలో నూటికి 14, 2016-17 నాటికి 10.7కి వచ్చింది. తగ్గింది. ఆ తగ్గేది ఇంకా తగ్గాలంటే కొత్తగా మొదలెట్టే వాళ్ళని ఆపాలి, అదే నా బాధ. నేను కూడా తొమ్మిదేళ్ళు తాగాను. పెట్టె మీద ఉన్న 1800-11-2356కి ఫోన్ చేశాను, మళ్ళీ వాళ్ళే ఫోన్ చేసి అడుగుతూ ఉండేవారు, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని అడుగుతున్నారన్న దానికే సగం మానేశాను. తెలుగులో మాట్లాడతారు. మామ్మలు తమంతట ఫోన్ చెయ్యరు, మీరు కలిపి ఇస్తే మాట్లాడతారేమో చూడండి.

చింతపల్లి_లక్ష్మి:

అన్నా, మీ బాధ అర్థమైంది, కుర్రాళ్ళ సంగతి నిజమే. కానీ వదిలెయ్యండి అన్నారు చూడండి, ఆ మాట దగ్గర నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

మా అమ్మమ్మకి అంగిలి క్యాన్సర్ వచ్చినప్పుడు 58 ఏళ్ళు. ముసలిది కాదు, రోజూ గంప ఎత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళకి నడిచి చేపలమ్మేది, మా చదువులన్నీ ఆ గంపలోంచే. ఆపరేషన్ చేసి అంగిలి సగం తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య కన్నం పడుతుంది, దానికి ప్లాస్టిక్ ప్లేట్ ఒకటి చేసిచ్చారు. ప్లేట్ తీస్తే మాట అర్థం కాదు, గంజి తాగితే ముక్కులోంచి వచ్చేసేది. నలుగురిలో తినడం మానేసింది. పెళ్ళికి పిలిస్తే వెళ్ళేది కాదు. మూడేళ్ళు బతికింది, ఆ మూడేళ్ళలో మా ఇంట్లో పండగకి అందరం కలిసి కూర్చుని తిన్న రోజు లేదు. సుఖం అన్నారు కదా, ఆ సుఖం చివరికి అలా ఉంటుంది.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఇంకోటుంది. అంతకు ముందు బీపీకని, మోకాళ్ళకని ఆస్పత్రికి చాలాసార్లు తీసుకెళ్ళాం, ఏ ఆస్పత్రో ఇక్కడ అనవసరం. ప్రతిసారీ కాగితం మీద రాసుకునేవాళ్ళు, "సిగరెట్, బీడీ అలవాటుందా?" అమ్మమ్మ లేదనేది. అబద్ధం కాదు, ఆవిడ ఎప్పుడూ సిగరెట్ ముట్టుకోలేదు, బీడీ ముట్టుకోలేదు. చుట్ట తాగుతావా మామ్మా, అడ్డంగానా తిన్నగానా, అని ఒక్కరడిగి ఉంటే చెప్పేసేది. పక్కనే ఉన్న నాకైనా తట్టలేదు. ఇంట్లో పొద్దున్న లేస్తే చూసేదే కదా, అదీ పొగతాగడమే అని నాకూ అనిపించలేదు. నర్సు అక్కా, మీ ఫ్లెక్సీ చూసి ఆ మామ్మ కుర్రాళ్ళకి చెప్పమంది అని రాశారు కదా, అది చదివాక నాకు మా అమ్మమ్మే కనిపించింది. బొమ్మ మార్చండి అక్కా. చుట్ట బొమ్మ వెయ్యండి, నిప్పు లోపల ఉన్నట్టు వెయ్యండి. మీ దగ్గర అడిగే ప్రశ్న కూడా మార్చండి.

రణస్థలం_ఇంజినీరు:

చెల్లెమ్మా, క్షమించు. నేను ఆ మాట అలా రాయకుండా ఉండాల్సింది. మా నానమ్మ కూడా తాగుతుంది, ఆదివారం వెళ్ళి నోరు చూస్తాను.

జముకుల_మాస్టారు:

రిటైరైన తెలుగు టీచర్ని, గరివిడి వైపు. రెండు మాటలు.

మొదటిది, రోజు. మే 31 అంటే మన తీరంలో చేపల వేట నిషేధం నడుస్తూ ఉంటుంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు ఊళ్ళోనే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, ఆడవాళ్ళకీ గంప ఎత్తే పని తక్కువ. ఏడాది మొత్తంలో ఊరు ఊరంతా ఒక్కచోట దొరికే రోజులవి. ఎండలో పదకొండు గంటలకి ర్యాలీ తీస్తే ఎవరొస్తారు, సాయంత్రం చల్లబడ్డాక రేవు దగ్గర పెట్టండి.

రెండోది, ఎలా చెప్పాలన్నది. ఫ్లెక్సీ చదవడం రాని మనిషికి ఫ్లెక్సీ ఎందుకు తల్లీ? మన దగ్గర తప్పెటగుళ్ళ ఆట ఉంది, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఉంది. జముకుల కథ వాళ్ళకి సంగతి చెప్పి ఒక అరగంట కథ కట్టమంటే కట్టేస్తారు, ఆ నేర్పు వాళ్ళకుంది. మా మండలంలో ఒకప్పుడు కుటుంబ నియంత్రణకి, అక్షరాస్యతకి ఇలాగే చెప్పించాం, పాటలు పిల్లలు నెల తర్వాత కూడా పాడుకుంటూ తిరిగేవారు. అయితే డాక్టరుగారు అన్నట్టు కథ ఒక్కదానితో మానరు, కథ విన్న మర్నాడు పొద్దున్నే మీరు ఇంటికి వెళ్ళాలి. కథలో చనిపోయే ముసలమ్మని పెట్టించకండి. మానేసిన ముసలమ్మని పెట్టించండి. చావు గురించి వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు, సముద్రం మీద బతికేవాళ్ళు.

డ్వాక్రా_అక్క:

మాస్టారూ బాగా చెప్పారు. మా సంఘంలో మేం చేసింది చిన్నది, రాస్తాను. నెలనెలా పొదుపు మీటింగ్‌లో చుట్ట కట్టకి ఎంతవుతుందో ఎవరికి వాళ్ళే లెక్క వేసుకున్నాం, వారానికి, నెలకి, ఏడాదికి. సంతకం పెట్టడం రాని వాళ్ళు కూడా డబ్బు లెక్క మాత్రం ఠకీమని వేసేస్తారు. ఏడాది లెక్క విని ఒకామె మనవరాలి చెవి పోగులు వచ్చేసేవి కదే అంది. నలుగురు జతలు జతలుగా మానడం మొదలుపెట్టారు, ఒకళ్ళకి మనసు లాగితే ఇంకొకళ్ళ ఇంటికెళ్ళి కూర్చోవాలని ఒప్పందం. లవంగం, సోంపు కొంగులో ముడేసుకుని తిరిగేవాళ్ళు. నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ మానే ఉన్నారు, ఒకామె తగ్గించింది, ఒకామె మళ్ళీ తాగుతోంది, ఆమెని కూడా మేం ఏమీ అనం, రమ్మనే అంటున్నాం.

పొగాకుచేను:

మా ఇంట్లో రెండు తరాలు చుట్టలు చుట్టాం, సంతలో అమ్మాం. ఇప్పుడు లేదు. ఒక్క విషయం చెప్పి వెళ్తాను. చుట్టని చట్టంలోంచి వదిలేశారు అనుకుంటారు చాలామంది, వదల్లేదు, 2003 చట్టం జాబితాలో సిగరెట్, బీడీతో పాటు చుట్ట కూడా ఉంది. పొగాకు కలిపిన పళ్ళపొడి కూడా ఉంది. కానీ సంతలో కట్ట కట్టి అమ్మే చుట్ట మీద బొమ్మ నేను ఎప్పుడూ చూడలేదు, మేమూ వెయ్యలేదు, ఎవరూ వెయ్యమని అడగలేదు. సిగరెట్ పెట్టె మీద ఆ బొమ్మ చూసి కుర్రాడు కనీసం ఒక్కసారి ఆగుతాడేమో, మా అమ్మ లాంటి వాళ్ళకి ఆ ఒక్కసారి కూడా దొరకలేదు. ఇది రాస్తుంటే నాకు బరువుగా ఉంది.

తీరపల్లె_నర్సు:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. లక్ష్మిగారూ, మీరు రాసింది ఏఎన్‌ఎమ్ అక్కకి చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఆ రోజు నుంచే మా రిజిస్టర్‌లో పొగాకు కాలమ్ పక్కన పెన్సిల్‌తో రాసుకుంటున్నాం, చుట్ట, అడ్డం, తిన్నగా అని.

నిన్న సాయంత్రం ఫ్లెక్సీ చూసి మెచ్చుకున్న ఆ మామ్మ దగ్గరికే ముందు వెళ్ళాను. చుట్ట మానమని అనలేదు. ముందు నా నోరు ఫోటో తీసి చూపించాను, నీదీ తియ్యనా మామ్మా అన్నాను. నవ్వుతూనే తెరిచింది. చూశాక నవ్వలేదు. బందరువానిపేట అన్న రాసినట్టే, "ఇదేటిది, ఇలగున్నాదేటి?" అని వేలు పెట్టి తడుముకుంది. పొద్దుటి సంగతి కూడా అడిగాను అన్నా, మీరు చెప్పకపోతే అడిగేదాన్ని కాదు, అవునని తలూపింది, అదే భయమంట. ఇవాళ పొద్దున్న క్లినిక్ తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, పక్కన వాళ్ళ అప్పని కూడా తీసుకొచ్చింది, "దీనికీ తియ్యమ్మా, ఇది నాకంటే ఎక్కువ కాలుత్తాది" అంది. రోజుకి ఐదు తాగే మనిషి ఇవాళ్టికి రెండు చాలంది. చూద్దాం.

పుండు ఉన్నావిడ ఇంకా ఒప్పుకోలేదు. కొడుకు చెన్నై పోర్టులో పని, కోడలు పసిపిల్లతో ఉంది, అంతదూరం ఎవరు తీసుకెళ్తారు అంటోంది. ఒంటరిగా బస్సెక్కడానికి భయం. గురువారం నేను సెలవు పెట్టి తీసుకెళ్దామనుకుంటున్నాను.

జముకుల కథకి మాస్టారూ, మీకు తెలిసిన బృందం ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పంచాయతీ వాళ్ళు మైకు ఇస్తామన్నారు. డాక్టరుగారూ ఒక చిన్న డౌటు, వెనక వైపు అంగిలి ఫోన్ ఫోటోలో సరిగ్గా రావట్లేదు, నాలుక అడ్డం వస్తోంది, ఏం చెయ్యాలి?

పంటిడాక్టర్_సిక్కోలు:

కుర్చీలో కూర్చోబెట్టి తల బాగా వెనక్కి వాల్చమనండి, మీరు వెనక నిలబడి పై నుంచి తియ్యండి, కింద నుంచి కాదు. నోటితో గాలి పీల్చమంటే నాలుక కిందకి దిగుతుంది. కట్టుడు పళ్ళుంటే తీయించండి, చాలాసార్లు మచ్చ వాటి కిందే ఉంటుంది. మౌత్ మిర్రర్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, ఖరీదు తక్కువే, నాలుగు తీసుకుని ప్రతి మనిషికీ మధ్య మరగబెట్టండి.

గురువారం బయల్దేరే ముందు ఆవిడ ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, మీ రిఫరల్ కాగితం, పాత మందుల చీటీలు అన్నీ ఒకే సంచిలో పెట్టించండి. రక్తం పలచబడే మందులేమైనా వాడుతుంటే వెళ్ళగానే ఆ మాట ముందు చెప్పండి, ముక్క తీసేముందు వాళ్ళకి తెలియాలి.

బందరువానిపేట_అబ్బాయి:

చెల్లీ, మా అమ్మ ఇదంతా నా చేత చదివించుకుని వింది. గురువారం తనూ వస్తానంటోంది, ఆవిడ పక్కన బస్సులో కూర్చుంటుందట. మీరు ఎన్ని గంటల బస్సుకి ఎక్కుతారో చెప్పండి, నేను పూసపాటిరేగ జంక్షన్‌లో దింపుతాను.